50 మీటర్ల .22 గురికి స్కోపు పవర్ ఎంత ఉండాలి?

గాజువాక22:
అందరికీ నమస్కారం. కాలేజీలో ఉండగా ఎన్‌సీసీలో 25 మీటర్ల రేంజిలో .22 రైఫిలు (0.22 అంగుళాల తూటాది) కాల్చాను. ఇరవై ఏళ్ల తర్వాత ఆ సరదా మళ్లీ పుట్టి, లైసెన్సు సంపాదించి క్లబ్బులో చేరాను. బెంచి మీద ఇసుక సంచికి ఆనించి 25, 50 మీటర్ల కాగితాలే కాలుస్తాను. ఇప్పుడున్న స్కోపు (రైఫిలు మీది దుర్భిణి) 3-9×40, అంటే 3 నుంచి 9 ఇంతలు పెంచి చూపేది, ముందు అద్దం 40 మి.మీ. దాన్ని 9 మీద పెడితే టార్గెట్ మసకబారుతోంది. 50 మీటర్లలో ఐదు తూటాల గ్రూపు ఒకసారి రూపాయి బిళ్లంత వస్తే, మరోసారి నిమ్మకాయంత అవుతోంది. దుకాణంలో 6-24×50 తీసుకోమన్నారు. దగ్గరగా కనిపిస్తే బాగా తగులుతుందని వారి మాట. డబ్బు పెట్టే ముందు మిమ్మల్ని అడుగుదామని.

సాగరతీరం:
24 తీసుకోండి. తూటా పడిన చోటు కూర్చున్న దగ్గరి నుంచే కనిపిస్తుంది, వేరే దుర్భిణి అక్కర్లేదు.

మురళీనగర్ మాస్టారు:
కొనే ముందు ఒక్క పరీక్ష చేసి చూడండి బాబూ. రైఫిలు ఖాళీగా ఉందని చూసుకుని, బోల్టు తీసేసి, సంచుల మీద కదలకుండా కూర్చోబెట్టండి. క్రాస్ (స్కోపులో కనిపించే అడ్డ, నిలువు గీతల కూడలి) సరిగ్గా 50 మీటర్ల కాగితం నడిమధ్యకు రావాలి. ఇక రైఫిలును ముట్టుకోకుండా, స్కోపు వెనక మీ తలను మాత్రం అటూ ఇటూ కాస్త జరపండి. క్రాస్ కాగితానికి అతికించినట్టు ఉంటే స్కోపులో దోషం లేదు. చీమలా పాకుతుంటే మాత్రం జబ్బు తెలిసిపోయినట్టే. దాని పేరు పారలాక్స్, అంటే కన్ను జరిగితే గురి కూడా జరిగినట్టు కనిపించడం.

సెంటర్‌ఫైర్ (తూటా అడుగు మధ్యలో కొట్టి పేల్చే) రైఫిళ్ల కోసం చేసే మామూలు 3-9 స్కోపులను పారలాక్స్ రాకుండా ఎక్కువగా 100 గజాలకు, అంటే సుమారు 91 మీటర్లకు, ఫ్యాక్టరీలోనే బిగించేస్తారు. మీ .22 లాంటి రిమ్‌ఫైర్ (అడుగు అంచున కొట్టి పేల్చే) రైఫిళ్ల కోసమని అమ్మేవాటికి సాధారణంగా 50 గజాలకు పెడతారు. 91కి బిగించిన 40 మి.మీ. స్కోపుతో 50 మీటర్లు చూస్తే, కన్ను అంచుకు జరిగినప్పుడు గురి 9 మి.మీ. దాకా తప్పవచ్చు. 25 మీటర్లలో అదే 14 మి.మీ. దాటుతుంది. దగ్గరికి వచ్చేకొద్దీ తప్పు పెరగడమే ఇందులో వింత! 50 మీటర్ల అంతర్జాతీయ టార్గెట్‌లో పది వలయం వ్యాసం 10.4 మి.మీ. మాత్రమే. 9 మీద మీకు కనిపించే మసకకు కూడా కారణం ఇదే అయి ఉంటుంది.

ఇక పవర్ సంగతి. 50 మీటర్ల దూరంలో మామూలు కన్ను విడిగా పోల్చుకోగలిగేది సుమారు 14.5 మి.మీ. .22 తూటా రంధ్రం 5.6 మి.మీ. నాలుగింతల స్కోపుతో లెక్క ప్రకారం కనిపించాలి గానీ నల్ల గుండ్రంలో పడితే వెతుక్కోవాల్సిందే. తొమ్మిదింతలకు వస్తే కంటికి హాయి. అందుకే 25 మీటర్లకు 6, 50 మీటర్లకు 9 నుంచి 12 చాలంటాను.

24 పెట్టారనుకోండి. 50ని 24తో భాగిస్తే 2.1. కంటికి వచ్చే వెలుగు చుక్క వ్యాసం అంతే, మిల్లీమీటర్లలో. తల వెంట్రుకవాసి కదిలినా నల్లనీడ. మీ గుండె కొట్టుకోవడం కూడా క్రాస్‌లో కనిపిస్తుంది. అది మధ్యకు వచ్చిన క్షణాన్ని పట్టుకోబోయి ట్రిగ్గర్‌ను గుంజేస్తారు. ఉదయం పది గంటలు దాటాక మన విశాఖ ఎండకు నేల కాగి, కాగితం నీళ్లలో ఉన్నట్టు తేలుతుంది. చూపు వెడల్పు కూడా మీటరులోపే. ఒకసారి ఐదు తూటాలూ ఎంతో శ్రద్ధగా పదిలో పెట్టాను. తీరా చూస్తే అది పక్క లేన్ ఆయన కాగితం! ఆయన ఇప్పటికీ నాకు కృతజ్ఞతలు చెబుతుంటాడు.

సాగరతీరం:
మాస్టారూ, బెంచ్‌రెస్ట్ (రైఫిలును బల్ల మీద ఆనించి కాల్చే) పోటీల్లో 36 పవర్ కూడా వాడతారు కదా?

మురళీనగర్ మాస్టారు:
వాడతారు. వాళ్ల రైఫిలు బరువైన స్టాండులో కూర్చుంటుంది, మనిషి దాన్ని దాదాపు ముట్టుకోడు. అటువైపు చూస్తే, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన షూటర్ స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో (మోకాలిపై, పడుకుని, నిలబడి కాల్చే పోటీ) కాంస్యం గెలిచింది స్కోపు లేకుండానే. ఆ పోటీలో టెలిస్కోపు నిషిద్ధం, చిల్లు సైటుతోనే కాల్చాలి.

గాజువాక22:
ఈరోజు పరీక్ష చేశాను. క్రాస్ తొమ్మిది వలయంలో ఎడమ నుంచి కుడికి షికారు కొట్టింది! కొత్తది కొనేదాకా ఏం చేయాలి? కొనేటప్పుడు ఏం చూడాలి?

మురళీనగర్ మాస్టారు:
చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనించండి. స్టాకు మీద చిన్న టేపు ముక్క అతికిస్తే చెంపకే గుర్తు తెలుస్తుంది. ముందు అద్దానికి అట్టముక్క మూత చేసి, నడుమ 20 మి.మీ. చిల్లు పెట్టండి. వెలుగు తగ్గినా తప్పు సగమవుతుంది, పగటిపూట ఇబ్బంది ఉండదు. కొనేటప్పుడు పారలాక్స్ తిప్పే చక్రం మీద మొదటి అంకె చూడండి. అది 50తో మొదలైతే 25 మీటర్లకు పనికిరాదు. 10 లేదా 15 నుంచి ఉన్న 4-12×40 అడగండి. ఇంకో మాట. పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) క్లిక్కు, అంటే గురి సర్దే మీటలో ఒక్క మెట్టు, 50 మీటర్లలో జరిపేది 3.6 మి.మీ., 25లో 1.8 మాత్రమే. గురి సర్దేటప్పుడు క్లిక్కులు రెట్టింపు పడతాయి, స్కోపు పాడైందనుకోకండి.

బీచ్‌రోడ్డు:
ఒక చేర్పు. సముద్రపు తేమకు మా పాత స్కోపు అద్దం లోపల సాలెగూడులా బూజు పట్టింది. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, నెలకోసారి మార్చండి. స్ప్రింగు ఎయిర్ రైఫిలు కూడా ఉంటే ఈ స్కోపు దానికి బిగించకండి. దాని కుదుపు ముందుకూ వెనక్కూ రెండు వైపులా ఉంటుంది, తట్టుకునేలా చేయని స్కోపులు విరిగిపోతాయి.

గాజువాక22:
అట్టముక్క మూతతో నాలుగు గ్రూపులు కాల్చాను. మూడు రూపాయి బిళ్లంత, నాలుగోది నా ట్రిగ్గర్ పుణ్యం. 24 ఆలోచన మానుకున్నాను. ఎవరి దగ్గరైనా 4-12 ఉంటే ఆదివారం రేంజిలో ఒకసారి చూడనిస్తారా?