గ్రహశకలమా, లఘుగ్రహమా?

ఆదివారం నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియంలో తెలుగు షో చూసి మెట్లు దిగుతుంటే మా పాప అడిగింది, “గ్రహశకలం అంటే గ్రహం ముక్క కదా నాన్నా, మరి ఏ గ్రహం పగిలింది?” అని. చిక్కంతా మాటలోనే ఉంది కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.

ఆ ఊహ పాతదే. 1802లో ఈ గ్రహశకలాల్లో ఒకటైన పల్లాస్‌ని కనిపెట్టిన ఖగోళవేత్త ఓల్బర్స్, కుజుడికీ గురుడికీ మధ్య ఓ గ్రహం బద్దలైందేమో అన్నాడు. ఇప్పుడది నిలవదు, ఎందుకంటే అక్కడి రాళ్లన్నీ పోగేసినా చందమామ బరువులో నూటికి మూడు పాళ్లే, గ్రహంగా కుదరక మిగిలిపోయిన సరుకు అది. సరే, లఘుగ్రహం అనేద్దామంటే వాటి చుట్టూ తిరిగే బుల్లి చందమామలు అడ్డొస్తున్నాయి. 1993లో గెలీలియో వ్యోమనౌక ఇడా అనే గ్రహశకలం పక్కగా వెళ్తూ తీసిన ఫొటోల్లో దాని చుట్టూ తిరిగే, కిలోమీటరున్నర వెడల్పున్న చందమామ డాక్టిల్ బయటపడింది. ఇడా అంతకన్నా పెద్ద రాయి పగలగా వచ్చిన కుటుంబంలోది, డాక్టిల్ కూడా ఆ దెబ్బకే పుట్టి ఉంటుందంటారు. అంటే అది గ్రహం ముక్క కాదు గానీ ముక్కే!

ఇంకోటి, ఇలాంటి బుల్లి చందమామ ఎంత దూరంలో ఎంతసేపటికోసారి తిరుగుతోందో తెలిస్తే అసలు రాయి బరువు లెక్క కట్టేయొచ్చు. రెండొందల కిలోమీటర్ల వెడల్పున్న యూజీనియా అనే గ్రహశకలానికి 1998లో చందమామ దొరికాక అలా కడితే సాంద్రత నీళ్లకన్నా కాస్తే ఎక్కువని తేలింది. లోపల చాలా ఖాళీ ఉండాలి, పగిలిన ముక్కలు మళ్లీ పోగుపడ్డ కంకర కుప్పలా.

నెప్ట్యూన్ అవతల ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే మంచు ముద్దల జంటల కథ వేరు. చాలా జంటల్లో రెండిటిదీ ఒకటే రంగు. గులకరాళ్ల మేఘం తన బరువుకి తానే కుంగిపోతూ ఒకేసారి రెండుగా గడ్డకట్టిందని ఇప్పుడు ఎక్కువమంది అనుకుంటున్నారు, అంటే సౌరకుటుంబం తొలినాళ్ల జంటలు దెబ్బ తగలకుండా ఇంకా అలాగే ఉన్నాయన్నమాట. వాటిని శకలాలనడం నాకైతే అన్యాయమనిపిస్తుంది. మొత్తం జాతికి లఘుగ్రహం, పగిలిందని తెలిసినదానికే శకలం అందామా?

— (ఒక పాఠకుడి వ్యాఖ్య) బావుందండీ. మరి కుజుడికీ గురుడికీ మధ్య ఉన్న ఆంటియోపి జంట సంగతేంటి? రెండూ దాదాపు సమానం, ఒక్కోటీ ఎనభై తొంభై కిలోమీటర్లు. ఏది ఉపగ్రహం?

— (నా జవాబు) దానికి జంట లఘుగ్రహం అంటే చాలండీ. కవలలు మాత్రం వద్దు, అవి కలిసే పుట్టాయని తేలేదాకా.