పంచాయతీ ఓటరు జాబితా: ఇల్లు ఒకటే, అమ్మది నాలుగో వార్డు, మాది ఏడో వార్డు

కొబ్బరితోట (అమలాపురం దగ్గర):
అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఓట్ల చిక్కు ఒకటి ఉంది, తెలిసినవారు దారి చూపండి. ఇల్లు ఒకటే, పొయ్యి ఒకటే. కానీ అమ్మ ఓటు నాలుగో వార్డులో, నాది ఏడో వార్డులో ఉన్నాయి. పెళ్లయి రెండేళ్లయినా మా ఆవిడ ఓటు పాలకొల్లు దగ్గర పుట్టింటి ఊళ్లోనే ఉంది. తమ్ముడికి మొన్న మే నెలలో పద్దెనిమిది నిండాయి. ఇవి చాలవన్నట్టు అమ్మ కార్డు మీద ఇప్పటికీ తూర్పు గోదావరి జిల్లా అనే ఉంది.

కార్డు ఉండగా కంగారెందుకని ఊళ్లో అంటున్నారు. 2021 పంచాయతీ ఎన్నికల్లో అమ్మ ఆ కార్డునే రేషను కార్డుతో కలిపి ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని పొద్దున్నే బయలుదేరింది. గంటన్నర వరుసలో నిలబడ్డాక జాబితాలో పేరు లేదన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. మళ్లీ అలా జరగకూడదని నా బాధ.

పాత పంతులు (రాజోలు):
బాబూ, నేను బడిలో పాఠాలు చెబుతూనే చాలా ఏళ్లు బూత్ స్థాయి అధికారిగా (బీఎల్‌ఓగా) ఇంటింటికీ తిరిగాను. ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి. కార్డు మీరెవరో చెబుతుంది, అంతే. ఓటు ఉండేది జాబితాలోని ఆ ఒక్క వరుసలో. కార్డు పోయినా ఆధార్ లాంటి మరో గుర్తింపు పత్రం చూపించి ఓటు వేయవచ్చు. జాబితాలో పేరు లేకపోతే పది కార్డులున్నా లాభం లేదు.

పంచాయతీకి విడిగా ఓటరు జాబితా పుట్టదు. అసెంబ్లీ జాబితానే రాష్ట్ర ఎన్నికల సంఘం తీసుకుంటుంది. అందులోని పేర్లను ఊళ్లో వార్డులవారీగా విడగొడతారు. మన పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఒక పంచాయతీలో వార్డులు 5 నుంచి 21 దాకా ఉండవచ్చు. విడగొట్టేటప్పుడు పట్టుకునే ఆధారం ఇంటి నంబరు. మీ అమ్మగారి పేరు పక్కన ఏ ఇంటి నంబరు ఉందో చూశారా? నా అనుమానమంతా అక్కడే.

ఈ చిక్కు రెండు చోట్ల తీరుతుంది. పేరు చేర్చడం, తీసేయడం, ఇంటి నంబరు దిద్దడం అసెంబ్లీ జాబితా పని. బీఎల్‌ఓకైనా, తహసీల్దారు కార్యాలయంలోనైనా, ఆన్‌లైన్‌లోనైనా దరఖాస్తు ఇవ్వవచ్చు. 1950 నంబరుకు ఫోన్ చేసినా చెబుతారు. నంబరు సరిగ్గానే ఉండి వార్డు మాత్రం తప్పు పడితే అది పంచాయతీ వారి విభజన పొరపాటు. ముసాయిదా జాబితాను పంచాయతీ కార్యాలయం గోడకు అంటించినప్పుడు కార్యదర్శికి రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. నోటితో చెప్పి ఊరుకుంటే ఎవరికీ గుర్తుండదు. ఇంకో కాగితం మీద అందినట్టు సంతకం పెట్టించుకోండి.

ఒక సంగతి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. 2021లో అమ్మగారు వరుసలో నిలబడింది ఏ వార్డు గది ముందు?

కొబ్బరితోట:
మాస్టారూ, మా అందరితో కలిసి ఏడో వార్డు గది ముందే నిలబడింది. ఈ ప్రశ్న నాకు ఇన్నాళ్లూ తట్టలేదు. రాత్రికి అమ్మనడిగి చెబుతాను. మిగతా మూడింటి సంగతి కూడా చెప్పరా?

పాత పంతులు:
జిల్లా పేరు గురించి దిగులు వద్దు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కానీ కార్డు నంబరు మారలేదు. ఆ కార్డు చెల్లుతుంది.

మీ ఆవిడకు ఫారం 8 నింపాలి. చాలామంది ఫారం 6 నింపి చిక్కుల్లో పడతారు. ఫారం 6 ఎక్కడా ఓటు లేనివారికి మాత్రమే. ఒకప్పుడు వేరే నియోజకవర్గం నుంచి వస్తే 6, అదే నియోజకవర్గంలో మారితే 8ఏ అని ఉండేది. 2022 ఆగస్టు 1 నుంచి ఇల్లు ఎక్కడికి మారినా ఫారం 8 ఒక్కటే. అది ఆమోదం పొందితే అక్కడి పేరు తీసేసి ఇక్కడ చేరుస్తారు. అక్కడి ఓటు దాచిపెట్టి ఇక్కడ కొత్తగా నమోదు చేయించుకుంటే అది అబద్ధపు ప్రకటన కిందికి వస్తుంది, ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు. భయపెట్టడానికి చెప్పడం లేదు. వియ్యాలవారి ఊళ్లో ఒకటి, మనూళ్లో ఒకటి ఉంటే రెండు చోట్లా పలుకుబడి ఉంటుందనుకునేవారు మన వైపు తక్కువేమీ కాదు.

చిరునామాకు ఆమె పేరున కరెంటు బిల్లు ఉండదు కదా. ఆధార్‌లో మీ ఇంటి చిరునామా మార్పించి ఉంటే అది సరిపోతుంది. లేదా మీ పేరున ఉన్న బిల్లు చూపించవచ్చు. పురుటికి పుట్టింటికి వెళ్లినంత మాత్రాన మీ ఊరి నివాసం పోదు. కొద్దికాలం ఊళ్లో లేకపోవడం నివాసం మారడం కాదని చట్టంలోనే ఉంది.

తమ్ముడికి ఫారం 6. ఇదివరకు జనవరి 1 నాటికి పద్దెనిమిది నిండాలనేవారు. ఇప్పుడు అసెంబ్లీ జాబితాకు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే. మే నెలలో నిండాయి కాబట్టి జులై 1 లెక్కలోకి వస్తాడు. ఇవాళే దరఖాస్తు పెట్టించండి. పంచాయతీ ఎన్నికకు ఏ తేదీ నాటి జాబితా వాడుతున్నారో రాష్ట్ర ఎన్నికల సంఘం ప్రకటనలో విడిగా చదవాలి. 2021లో 2019 నాటి జాబితాతోనే ఎన్నికలు జరిపారు. ఆ మధ్యలో పద్దెనిమిది దాటిన పిల్లలు గట్టు మీద నిలబడి చూడాల్సి వచ్చింది.

హైదరాబాదీ (సొంతూరు ముమ్మిడివరం):
నాకూ ఒక సందేహం. ఉద్యోగం ఇక్కడ, కానీ ఊళ్లో ఇల్లుంది, మూడెకరాల తోట ఉంది, ఏటా పంచాయతీకి పన్ను కడుతున్నాను. సంక్రాంతికి తప్పకుండా వస్తాను. నా ఓటు ఊళ్లోనే ఉంచుకోవచ్చా?

పాత పంతులు:
ఇల్లు ఉండటం వేరు, నివసించడం వేరు. సొంత ఇల్లున్నంత మాత్రాన అక్కడ మామూలుగా నివసిస్తున్నట్టు కాదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది. ఎవరైనా ఫారం 7 ఇచ్చి అభ్యంతరం చెబితే మీకు నోటీసు వస్తుంది, జవాబు మీరే చెప్పుకోవాలి. సంక్రాంతి కోడిపందేలను నివాసానికి రుజువుగా ఏ అధికారీ ఒప్పుకోరు. కోపం తెచ్చుకోకండి, మా అబ్బాయికీ ఇదే చెప్పాను. వాడు నాతో వారం రోజులు మాట్లాడలేదు.

హైదరాబాదీ:
కోపం ఏమీ లేదండీ. పన్ను మాత్రం కట్టాలి, ఓటు మాత్రం వద్దు అన్నట్టుంది, అదే బాధ.

మలికిపురం అక్క:
మా చెల్లెలు కువైట్‌లో ఇంటిపనిలో ఉంది. తన ఓటు నేను వేయవచ్చా? ఇద్దరం ఒకేలా ఉంటాం.

పాత పంతులు:
అమ్మా, ఆ పని చేయకండి. ఒకరి పేరున ఇంకొకరు ఓటు వేయడం నేరం. విదేశంలో ఉన్న మన పౌరులు ఫారం 6ఏతో పాస్‌పోర్టులోని చిరునామా ప్రకారం పేరు నమోదు చేయించుకోవచ్చు. వారికి కార్డు ఇవ్వరు. పోలింగు రోజున స్వయంగా వచ్చి అసలు పాస్‌పోర్టు చూపించి వేయాలి.

తిరగేసి కూడా చెప్పాలి. మీరు వెళ్లేసరికే మీ పేరున ఎవరో వేసేసి ఉంటే ఏడుస్తూ వెనక్కి రాకండి. ప్రిసైడింగ్ అధికారిని టెండర్ ఓటు అడగండి. మీరెవరో రుజువు చేసుకుంటే బ్యాలెట్ ఇస్తారు. దాన్ని మామూలు లెక్కింపులో కలపరు, విడిగా కవరులో ఉంచుతారు. రేపు కోర్టుకెక్కాల్సి వస్తే అదే సాక్ష్యం.

లంకవాసి (పి.గన్నవరం మండలం):
మాస్టారూ, నాకు ముగ్గురు పిల్లలు. వార్డు సభ్యుడిగా నిలబడదామంటే పనికిరావని పోయినసారి పక్కన పెట్టేశారు. ఇప్పుడు కుదురుతుందా?

పాత పంతులు:
కుదురుతుంది. ఇద్దరికి మించి పిల్లలుంటే అనర్హులనే నిబంధనను 2024 నవంబరులో శాసనసభ సవరణ చేసి తీసేసింది. పంచాయతీలకూ పురపాలికలకూ అంతే. 21 ఏళ్లు నిండి ఉండాలి, ఆ పంచాయతీ జాబితాలో పేరుండాలి. ఊళ్లో ఏ వార్డు నుంచైనా నిలబడవచ్చు, రిజర్వేషన్ మీకు సరిపడాలి. ప్రతిపాదించే మనిషి మాత్రం ఆ వార్డు ఓటరే అయి ఉండాలి. నామినేషన్లను ఎక్కువగా తిరస్కరించేది ఇక్కడే. 2021లో వార్డు సభ్యుడికి ధరావతు వెయ్యి రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు అందులో సగం.

లంకవాసి:
సంతోషం. మా పెద్దవాళ్లకు ఇంకో భయం ఉంది. యంత్రం మీద నొక్కడం అలవాటయ్యాక కాగితం మళ్లీ తికమక పెడుతుందేమోనని. ఏరు దాటి వచ్చి వేసిన ఓటు చెల్లకుండా పోతే మనసు కష్టపడుతుంది.

పాత పంతులు:
2021లో సర్పంచికి గులాబీ రంగు, వార్డు సభ్యుడికి తెలుపు బ్యాలెట్ ఇచ్చారు. పోలింగు పొద్దున 6.30 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా, అదే రోజు లెక్కింపు. మీ పడవ వేళలు దానికి తగ్గట్టు చూసుకోండి.

ఇక ముద్ర సంగతి. ఇచ్చిన రబ్బరు ముద్రనే గుర్తు ఉన్న గడిలో వేయాలి. వేలిముద్ర వేసినా సంతకం పెట్టినా చెల్లదు. రెండు గడుల మధ్య గీత మీద పడితే ఎవరికి వేశారో తేలక పక్కన పడేస్తారు. ముద్ర వేశాక తడి ఆరనివ్వండి, తరువాత ముందు నిలువుగా మడవండి, ఆ పైన అడ్డంగా. నిలువుగా మడిస్తే తడి సిరా అంటుకున్నా అదే అభ్యర్థి వరుసలో పడుతుంది. తొందరపడి ముందే అడ్డంగా మడిస్తే కింది వారి గుర్తు మీద రెండో మచ్చ తేలుతుంది. ఒకసారి లెక్కింపులో అలాంటి తెల్ల కాగితం ఒకటి పట్టుకుని ఇద్దరు ఏజెంట్లు అరగంట వాదించుకున్నారు. దీపానికి అడ్డుపెట్టి చూస్తే ఒక మచ్చ తిరగబడి ఉంది. అద్దంలో అక్షరం ఉన్నట్టు. అప్పుడుగానీ అది అంటుకున్న మచ్చ అని ఒప్పుకోలేదు.

కొబ్బరితోట:
మాస్టారూ, అమ్మనడిగాను. పక్క గదిలో అడగనే లేదట. ఇవాళ జాబితా తీసి చూశాను. మా ఇంటి నంబరు 7-13. అమ్మ పేరు పక్కన 4-13 అని పడింది. అంటే ఆ రోజు అమ్మ ఓటు పది అడుగుల దూరంలో, గోడకు అటు పక్కన ఉందన్నమాట. ఈ మాట అమ్మకు ఎలా చెప్పాలో తెలియక కాసేపు పెరట్లో తిరిగాను. చెబితే నవ్వింది.

తమ్ముడి ఫారం 6 ఇచ్చేశాము, మా ఆవిడ ఫారం 8 కూడా. అమ్మకు ఇంటి నంబరుతో పాటు పాడైపోయిన కార్డుకు బదులు కొత్తది కూడా కావాలి. రెండూ ఒకే ఫారం 8లో పెట్టవచ్చా?

పాత పంతులు:
వద్దు. ఆ ఫారంలో ఏదో ఒక్కదానికే టిక్కు పెట్టాలి. ముందు ఇంటి నంబరు దిద్దించండి. జాబితాలో మారినట్టు మీ కళ్లతో చూసుకున్నాక కార్డుకు రెండో ఫారం ఇవ్వండి. రసీదు నంబరు రాసి ఆ ప్లాస్టిక్ కవరులోనే పెట్టండి.