అధ్యర్బుదమా, అత్యర్బుదమా?

(మాట్లాడేవాళ్లకి వాళ్ల ఊళ్ల పేర్లే పేర్లు.)

అమలాపురం: మా తాతగారు పడక్కుర్చీలో వాలి నస్యం పీలుస్తూ చదివే శ్లోకం ఒకటి రెండు రోజులుగా బుర్ర తొలిచేస్తోంది. 'పూర్వజాతే' అని వస్తుంది, చివర 'అర్బుదజ్ఞైః' (అర్బుదం అంటే కణితి). మధ్యలో 'తదధ్య' నా, 'తదత్య' నా? మా లైబ్రరీ పత్రికకి క్యాన్సర్ శాస్త్రవేత్త చార్లెస్ స్వాంటన్ పరిశోధనల మీద వ్యాసం రాస్తున్నాను. 2012లో ఆయన బృందం లండన్‌లో ఒకే కిడ్నీ కణితిని పలుచోట్ల తుంచి చూస్తే, దొరికిన జన్యుమార్పుల్లో దాదాపు మూడింట రెండొంతులు అన్ని ముక్కల్లోనూ లేవు. ఒకే కణితి, ముక్కకో జాతకం! ఒకే కణితిలో ఇలా వేరుపడ్డ కణాల శాఖని 'సబ్‌క్లోన్' అంటారు, దానికి తెలుగుమాట దొరక్క ఆగిపోయాను.

ద్రాక్షారామం: పాత ఆయుర్వేద గ్రంథం సుశ్రుతం, అందులో రోగాల్ని గుర్తుపట్టే భాగం నిదానస్థానం అండి. 'జ్ఞేయం తదధ్యర్బుదమర్బుదజ్ఞైః'. అధి (మీద), అర్బుదం. 'అత్య' అంటే పేద్ద కణితి అవుతుంది. అక్కడ సైజు గొడవే లేదు.

కాకినాడ: తొందరపడకండి. అది ఇంద్రవజ్ర వృత్తం, గణాలు త త జ గ గ. 'ధ్య' పెట్టినా 'త్య' పెట్టినా ముందున్న 'ద' గురువే. ఛందస్సు సాక్ష్యానికి రాదు.

ద్రాక్షారామం: అర్థం వస్తుంది కదండీ. ముందు పుట్టినదాని మీద ఇంకోటి పుడితే అధ్యర్బుదం. ఆ వెంటనే ద్విరర్బుదం చెప్పాడు, 'యుగపత్ క్రమాద్వా', జంటగా ఒకేసారి గానీ వరసగా గానీ. అసాధ్యం, అంటే నయం కాదని కూడా తేల్చేశాడు.

పాలకొల్లు: చూశారా! 1976లో క్యాన్సర్ పరిశోధకుడు పీటర్ నోవెల్ సైన్స్ పత్రికలో రాసింది ఇదేగా. మనవాళ్లు ఎప్పుడో...

కాకినాడ: వచ్చేశారు, ఇంకా రాలేదేమా అనుకుంటున్నాను. నోవెల్ చెప్పింది ఒక్క కణం సంతతి గురించి. మార్పులు పోగుపడుతుంటే నెగ్గిన శాఖ పెరుగుతుంది. సుశ్రుతుడు చెప్పింది కంటికి కనబడే గడ్డ మీద గడ్డ. అందులో వంశం ఎక్కడుంది? పైగా 'పూర్వజాతే' సతి సప్తమి అయితే 'ఒకటి పుట్టి ఉండగా మరొకటి' అనే. మీద అన్న అర్థమే ఎగిరిపోతుంది. తగాదా అంతా ఆ 'తే' దగ్గర.

ద్రాక్షారామం: 'తే'ని ఎటు తిప్పినా 'అధి' కదలదు మాస్టారూ.

కాకినాడ: 'అధ్యయనం'లోనూ 'అధి' ఉందిగా, అది చేసేటప్పుడు దేని మీద ఎక్కుతారు?

రావులపాలెం: ఆయ్, మాలాంటోళ్లం మాటాడొచ్చా? క్లోన్ అంటే గ్రీకులో రెమ్మ అని మా అమ్మాయి చెప్పింది. మా అరటితోటలో దానికి పేరుంది, పిలక. గింజ లేదు, తల్లి దుంపలోంచి సూదిలా పొడుచుకొస్తుంది. తల్లీ పిలకా ఒకటే. ఎప్పుడో ఒక పిలక మాత్రం జాతి తప్పుతుంది, గెల చూస్తే గానీ తెలీదు. దాని పక్కన వచ్చేవన్నీ దాని పోలికే. ఇంకేం కావాలి?

అమలాపురం: అన్నయ్యా, మీరు రెండు రోజుల ముందు ఎక్కడున్నారు?

కాకినాడ: పాఠకుడు జుట్టుపిలక అనుకుంటాడు.

భీమవరం: మా ఊళ్లో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు ఇంతవరకూ ఎత్తలేదేం? ఆయన బృందం అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో తయారుచేసిన క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ తీసుకోండి. 1978లో తేలిందేమంటే, ప్రయోగశాలలో ఆ మందుకి లొంగని ఎలుక కణాలు, మందు ఏ ఎంజైముని కొడుతుందో దాని జన్యువుకే నకళ్లు తీసి పెట్టుకున్నాయి. అందుకని క్లోన్‌ని 'నకలు' అనకండి. అక్కడ ఆ మాటకి వేరే పని పడుతుంది.

పాలకొల్లు: అర్బుదం అంటే పది కోట్లు కూడా. ఒక ఘన సెంటీమీటరు కణితిలో కణాలు పది కోట్ల నుంచి వంద కోట్ల దాకా ఉంటాయంటారు. దీనికేమంటారు?

కాకినాడ: ఆబూ కొండ పేరు కూడా అర్బుదమే. కణితిలో కొండ కూడా ఉందనమంటారా?

ద్రాక్షారామం: నా మాట వినండి, 'పాయ' అనండి. ధవళేశ్వరం దాకా ఒకటే గోదావరి, అక్కణ్ణుంచి పాయలు. ముందు వచ్చిన మార్పులు అన్ని పాయల్లోనూ ఉంటాయి, చీలాక వచ్చినవి ఆ పాయవే. మా భీమేశ్వరుణ్ణి భీమఖండంలో పాడిన శ్రీనాథుడికి ఈ నీళ్ల రుచి తెలుసు. ఆయన సీసం పాదం విరుపు చూస్తే చాలు, పాయ చీలినట్టే ఉంటుంది.

కాకినాడ: శ్రీనాథుడిది విరుపు కాదండి, దూకుడు. ఇంతకీ గోదావరికి మీరు చెప్పే ఏడు పాయల్లో వైనతేయ పాయ లేదు.

అమలాపురం: మా వైనతేయ జోలికి రాకండి! లెక్కలో లేకపోయినా నీళ్లు ఉన్నాయి.

రావులపాలెం: ఇంకో పాయ పేరు వసిష్ఠా, వశిష్ఠా? మా బస్టాండు బోర్డు చూసినప్పుడల్లా డౌటే.

ద్రాక్షారామం: దంత్యమే, 'స'.

కాకినాడ: తాలవ్యానికీ, అదే 'శ'కీ, ఆధారాలున్నాయి. రాత్రికి పెడతాను.

అమలాపురం: ప్రూఫ్ రేపు పొద్దున్నే ఇవ్వాలి. ప్రస్తుతానికి 'పిలక' పెట్టేశాను. శీర్షికలో మాత్రం అధ్యర్బుదం.

కాకినాడ: అత్యర్బుదం.