కస్టమ్ అట్రిబ్యూట్‌ని కొన్ని మెథడ్స్‌కే పరిమితం చేయడం ఎలా?

సీ షార్ప్ ప్రోగ్రామింగ్ భాషలో రీట్రై అని ఒక కస్టమ్ అట్రిబ్యూట్ (కోడ్‌కి తగిలించే సొంత గుర్తు) రాసుకున్నాను. అది ఉన్న మెథడ్ ఫెయిలైతే, మా కోడ్ రిఫ్లెక్షన్‌తో (ప్రోగ్రామ్ నడుస్తుండగానే దాని కోడ్ వివరాలు చదివే పద్ధతి) చూసి మళ్ళీ పిలుస్తుంది. మొదట్లో ఏ ఆంక్షా పెట్టలేదు. డిఫాల్ట్‌గా అన్నిచోట్లా చెల్లుతుంది కదా, టీమ్‌లో ఒకరు దాన్ని క్లాస్ నెత్తిన పెట్టేశారు. కంపైలర్ కిక్కురుమనలేదు, రీట్రై మాత్రం జరగలేదు. అది కనిపెట్టడానికి సగం రోజు పోయింది.

తర్వాత, అట్రిబ్యూట్ ఎక్కడ పెట్టొచ్చో చెప్పే అట్రిబ్యూట్‌యూసేజ్‌లో టార్గెట్‌గా మెథడ్ ఒక్కటే ఇచ్చాను. ఇప్పుడు క్లాస్ మీద పెడితే సీఎస్0592 ఎర్రర్ వస్తోంది. అంతవరకు హాయి.

అసలు చిక్కు ఏంటంటే, ఇది టాస్క్ (తర్వాత పూర్తయ్యే పనిని సూచించే టైప్) తిరిగిచ్చే మెథడ్స్‌కే పనికొస్తుంది. నిన్న చూస్తే ఏమీ తిరిగివ్వని ఒక వాయిడ్ మెథడ్ మీద దర్జాగా కూర్చుని ఉంది! అట్రిబ్యూట్‌టార్గెట్స్‌లో క్లాస్, ప్రాపర్టీ, పారామీటర్ లాంటివి ఉన్నాయి గానీ, రిటర్న్ టైప్‌ని బట్టి ఆపే దారి కనబడలేదు.

పైగా జాబ్‌బేస్ అనే మా బేస్ క్లాస్ నుంచి వచ్చిన క్లాసుల్లోనే దీన్ని వాడాలి. అట్రిబ్యూట్‌ని జాబ్‌బేస్ లోపలే ప్రొటెక్టెడ్ నెస్టెడ్ క్లాస్‌గా (దాని నుంచి వచ్చిన క్లాసులకే అందే లోపలి క్లాస్) పెట్టి చూశాను. బయటి క్లాసులు వాడలేకపోయాయి, బాగానే ఉంది. కానీ బయటే ఉన్న నా రిఫ్లెక్షన్ కోడ్‌కి కూడా ఆ టైప్ అందట్లేదు. ప్రొటెక్టెడ్ ఇంటర్నల్ చేస్తే, అంతా ఒకే అసెంబ్లీలో (కంపైలైన కోడ్ యూనిట్) ఉంది కాబట్టి మళ్ళీ అందరికీ తలుపులు తెరిచినట్టే.

రోస్లిన్ అనలైజర్ (కంపైల్ చేసేటప్పుడే కోడ్‌ని తనిఖీ చేసే సాధనం) రాయడం తప్ప వేరే మార్గం లేదా? లేక యూనిట్ టెస్ట్‌లో అసెంబ్లీ మొత్తం స్కాన్ చేసి, తప్పుచోట కనబడితే ఫెయిల్ చేయడం చాలా? మీరెవరైనా చేసి ఉంటే చెప్పండి ప్లీజ్.