ఆరు లైన్ల రోడ్డు మన జిల్లా మీదుగా పోతోంది సరే, సరుకు ఎక్కించేదెక్కడ?

జయపురం వాసి:
రాయ్‌పూర్–విశాఖ కారిడార్ అనగానే అందరూ కిలోమీటర్ల లెక్కే చెప్తున్నారు. 597 కిలోమీటర్ల దారి 465కి తగ్గుతుందట, ఛత్తీస్‌గఢ్ సరుకు తొందరగా ఓడ ఎక్కుతుందట. కాదనను. నేను అడిగేది మధ్యలో ఉన్న మన ఒడిశా జిల్లాలు నవరంగపూర్, కొరాపుట్‌ల సంగతి.

మన కళ్ళముందే ఒక పాఠం ఉంది. 1960ల్లో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేసింది ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికి. పెద్ద ఓడలు ఆగాలని విశాఖలో 1976లో ఔటర్ హార్బర్ తెరిచారు. అంటే ఖనిజానికి గని దగ్గర్నుంచి ఓడ దాకా ఎక్కడా లోటు రాకుండా చూశారు. మరి కుందులి సంతలో అల్లం అమ్ముకునే పరజ గిరిజన రైతు తన బస్తా ఆ రైల్లో వేసి పంపడం ఎవరైనా చూశారా? నేను పుట్టి పెరిగింది ఇక్కడే, నేనైతే చూళ్ళేదు.

ఈ రోడ్డుకి ఎక్కడపడితే అక్కడ ఎక్కే వీలుండదు, ఇంటర్‌చేంజ్ దగ్గరే. అక్కడ కోల్డ్ స్టోరేజీ, గ్రేడింగు షెడ్డు, కాటా ఉంటేనే మనకి రోడ్డు ఉన్నట్టు. లేకపోతే మళ్ళీ గట్టున నిలబడి బండ్లు లెక్కపెట్టుకోవడమే.

సునాబెడ లారీ:
జయపురం గారూ, మీ బాధ అర్థమైంది గానీ ఒకటి వదిలేశారు. మాది సాలూరు, మూడు తరాలుగా లారీలే. కొరాపుట్ నుంచి సాలూరు దిగే పొట్టంగి ఘాట్‌లో ఒక లోడు బండి మలుపులో ఆగిపోయిందంటే వెనకాల టమాటా వేసుకున్న వ్యాను రాత్రంతా అక్కడే. తెల్లారి విజయనగరం చేరేసరికి మార్కెట్టు అయిపోతుంది, వ్యాపారి చెప్పిన ధరకి రైతు ఇచ్చుకోవాలి. పెద్ద బండ్లు కొత్త రోడ్డెక్కితే పాత 26వ నంబరు హైవే చిన్న బండ్లకి ఖాళీ అవుతుంది. కూరగాయల రైతుకి అసలు లాభం అదేనండి.

నా భయం వేరే. సుంకి నుంచి సాలూరు దాకా టైరు కొట్లు, హోటళ్ళు, మెకానిక్కులు బతికేది ఆ పెద్ద బండ్ల మీదే. కొత్త రోడ్డు పక్కన కట్టే విశ్రాంతి స్థలాల్లో వీళ్ళకి ముందు చోటివ్వాలి.

రాయగడ పంతులు:
ఐరోపా సమాఖ్య ఏం చేస్తోందో చెప్తాను. దేశాలు దాటిపోయే రవాణా కారిడార్లు అక్కడ చాలా ఉన్నాయి. ప్రతి కారిడార్‌కీ ఒక సమన్వయకర్త ఉంటాడు. ఆయన నడిపే వేదికలో రైల్వేలు, ఓడరేవులతోపాటు ఆ దారిలోని ప్రాంతాలకీ కుర్చీ ఉంటుంది. 2024లో తెచ్చిన చట్టంలో నాలుగు వందలకు పైగా పట్టణాల్ని గుర్తించి, రైలూ రోడ్డూ కలిసే సరుకుల టెర్మినళ్ళకి 2040 గడువు పెట్టుకున్నారు. మనం పట్టుకోవాల్సింది ఆ కుర్చీని. కొరాపుట్ తరఫున మాట్లాడే మనిషి లేకుండా గోదాం ఎక్కడ కట్టాలో విశాఖలోనో ఢిల్లీలోనో తేలిపోతే మనకి మిగిలేది దుమ్ము.

నందపూర్ కాఫీ:
అయ్యా, గోదాములు, షెడ్లు అంటున్నారు. ఎవరి భూమిలో? ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. 1956 నాటి ఒడిశా రెండో రెగ్యులేషన్ ఉండగా గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనడానికి లేదు. ఇంటర్‌చేంజ్ పక్కన ధర పెరగగానే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు: పేరొకరిది, పెత్తనం ఇంకొకరిది. ఇక్కడ వ్యాపారాల్లో మన తెలుగువాళ్ళం చాలామందిమి ఉన్నాం కాబట్టి ఈ మాట మనమే ముందుగా అనాలి. షెడ్డు రైతు సంఘం పేరుమీదో, మహిళా సంఘాల పేరుమీదో ఉండాలి. మనం అద్దె కట్టి వాడుకుందాం.

ఇంకో మాట. కొరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో జీఐ గుర్తింపు (ఈ ప్రాంతపు ప్రత్యేక పంట అనే ముద్ర) వచ్చింది. ఇక్కడే మర పట్టి, సంచికి ఎత్తి, ఊరి పేరు వేసి పంపితే ఆ గుర్తింపుకి డబ్బు రాలుతుంది. వడ్లుగా కిందికి పోతే రోడ్డు ఎంత నున్నగా ఉన్నా లాభం మైదానంలోనే ఆగిపోతుంది. కాఫీ గింజదీ అదే కథ.

జయపురం వాసి:
నందపూర్ గారు చెప్పింది నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. కోల్డ్ స్టోరేజీ అడిగానే గానీ యజమాని ఎవరన్నది అడగలేదు. సునాబెడ గారి మాటతో మాత్రం సగమే ఏకీభవిస్తాను. పాత రోడ్డు ఖాళీ అయితే మంచిదే, కానీ పెద్ద బండ్లు పోయాక దాని మరమ్మతు ఎవరూ పట్టించుకోకపోతే వానాకాలంలో ఆ ఘాట్ ఎలా ఉంటుందో ఆయనకే బాగా తెలుసు. వీటన్నిటి మీదా మనం పెట్టే అర్జీలో అదీ రాద్దాం.

బొరిగుమ్మ వైపు వాళ్ళెవరైనా చదువుతుంటే ఒక సాయం చేయండి. మీ ఊరి నుంచి దగ్గరి ఇంటర్‌చేంజ్‌కి ఎంత దూరం, ట్రాక్టరు వెళ్ళేంత దారి ఉందా, అక్కడ ప్రభుత్వ భూమి ఏమైనా ఉందా? వివరాలు చేతికొస్తే గ్రామసభలో పెట్టడానికి ఒడియాలో నేనే రాసిస్తాను.