తనాకా కినుయోను దర్శకురాలిగా ఎక్కువ చేసి చూపుతున్నారా?

రీలుపెట్టె:
ఈ మధ్య జపాన్ నటి తనాకా కినుయో గురించి ఎవరు రాసినా మొదటి మాట ‘దర్శకురాలు’. 2021లో ఆమె తీసిన సినిమాలను బాగుచేసి యూరప్ ఉత్సవాల్లో మళ్లీ వేసినప్పటి నుంచి ఇదే వరస. నాకు మింగుడుపడటం లేదు. 1924లో పద్నాలుగేళ్ల పిల్లగా షోచికు స్టూడియోలో చేరింది. మూకీలు చూసింది, 1931లో జపాన్ తొలి పూర్తి టాకీలో భార్య వేషం వేసింది, యుద్ధం దాటింది, రంగుల సినిమా దాటింది. 1975లో బెర్లిన్‌లో ఉత్తమ నటి బహుమతి అందుకునే నాటికి వయసు అరవై అయిదు. చేసిన సినిమాలు రెండు వందల పైచిలుకు. 1953కీ 1962కీ మధ్య తీసిన ఆరు సినిమాల కోసం ఇదంతా పీఠికగా మార్చేస్తారా? తీసింది ఆడమనిషి కాబట్టే కదా ఈ మర్యాద?

కాగితప్పడవ:
ఆ రోజుల్లో ఆమెకు దక్కిన మర్యాద ఏమిటో కూడా చెప్పుకుందాం. మొదటి సినిమా ‘కోయిబుమి’ (ప్రేమలేఖ) తీయడానికి ముందు, ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న తార వెళ్లి దర్శకుడు నరుసే మికియో దగ్గర సహాయకురాలిగా పని నేర్చుకుంది. రెండో సినిమాకు అడ్డుపడింది ఎవరు? ‘ఒహరు జీవితం’, ‘ఉగెత్సు’, ‘సాన్షో’ సినిమాల్లో ఆమెను నడిపించిన మిజోగుచి కెంజి! అప్పుడాయన దర్శకుల సంఘానికి అధ్యక్షుడు. మరో పెద్ద దర్శకుడు ఓజు యాసుజిరో ఆమె పక్షాన నిలబడ్డాడు, తాను రాసిన స్క్రిప్టే ఆమె చేతిలో పెట్టాడు. ఆ తర్వాత మిజోగుచి సినిమాలో ఆమె మళ్లీ కనిపించలేదు. అంతకుముందు జపాన్‌లో కథాచిత్రం తీసిన స్త్రీ ఒక్క సకానే తజుకో, అదీ 1936లో.

రీలుపెట్టె:
అన్యాయం జరిగింది, ఒప్పుకుంటాను. అన్యాయం జరిగినంత మాత్రాన సినిమా బాగుపడదు కదండీ. ఓజు స్క్రిప్టుతో తీసిన ‘త్సుకి వా నోబొరిను’ (చంద్రుడు ఉదయించాడు) చూశాను. పేర్లు మూసేసి చూపిస్తే ఎవరైనా ఓజు సినిమా అనే అంటారు. తండ్రిగా, ఓజు సినిమాల్లో తరచూ కనిపించే ర్యూ చిషూ కూడా ఉన్నాడాయె.

కాగితప్పడవ:
అందులో పనిమనిషి సన్నివేశం గుర్తుందా? ఇంటి చిన్న కూతురు ఒక అబ్బాయిని మభ్యపెట్టి రప్పించడానికి, పనిమనిషి చేత మరో అమ్మాయి గొంతుతో ఫోను చేయించాలనుకుంటుంది. ‘అలా కాదు, ఇంకొంచెం మెత్తగా’ అన్న ధోరణిలో మళ్లీ మళ్లీ చెప్పిస్తుంది. పనిమనిషి తడబడుతుంది, మొద్దుగా పలుకుతుంది, మనకు నవ్వొస్తుంది. ఆ పనిమనిషి తనాకాయే. అప్పటికి ముప్పై ఏళ్లుగా దర్శకులు ‘అలా కాదు’ అంటుంటే విన్న మనిషి, తన సెట్టులో తనే నిలబడి, ఒక కుర్రపిల్ల చేత ఆ మాట అనిపించుకుంది. ఓజు రాస్తే రాశాడు గాని, ఆ వేషం తానే వేయాలన్న కొంటెతనం ఆమెది. నటి వేరు, దర్శకురాలు వేరు అని మీరు గీత గీస్తున్నారు. ఆమె గీయలేదు.

వేపపుల్ల:
మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. మీరిద్దరూ 1950ని వదిలేశారు. అమెరికా సౌహార్ద యాత్ర ముగించుకుని నల్ల కళ్లద్దాలతో దిగి, టోక్యో గింజా వీధిలో జనం మీదికి ముద్దులు విసిరింది. ఓడిపోయిన దేశం, అమెరికా ఆక్రమణ సేనలు ఇంకా ఊళ్లోనే ఉన్నాయి. పత్రికలు ఊరుకుంటాయా? ఉతికి ఆరేశాయి, వయసును కూడా వదల్లేదు. ఆ తర్వాత రెండేళ్లకే ‘ఒహరు’లో పడుచుపిల్ల నుంచి, ముసుగు కింద ముడతలు దాచుకునే యాభై ఏళ్ల వేశ్య దాకా అన్నీ తానే అయింది. 1958లో ‘నరయామ’ సినిమాలో డెబ్బై ఏళ్ల ముసలమ్మ వేషానికి ముందు పళ్లు పీకించుకుందని చెబుతారు. అప్పటికి యాభై కూడా నిండలేదు. ముసలిదైపోయిందన్న వాళ్లకు ఇంతకంటే ఘాటు జవాబు ఉంటుందా? నా ఓటు నటికే.

మన భానుమతి గారు ‘చండీరాణి’ని మూడు భాషల్లో తీసిందీ ఆ 1953లోనే. ఆవిడ ముందు నటా, దర్శకురాలా, గాయనా అని మనం తగువులాడుకున్నామా?

రీలుపెట్టె:
భానుమతి గారిని తెచ్చి నా నోరు కట్టేస్తున్నారు. సరే, ఆ ఆరింటిలో ఆమెది మాత్రమే అనదగ్గది ఏది?

కాగితప్పడవ:
‘చిబుసా యో ఎయిఎన్ నారె’ (రొమ్ములారా, కలకాలం ఉండండి), 1955. రొమ్ము క్యాన్సర్‌తో ముప్పై ఒకటో ఏట పోయిన కవయిత్రి నకజో ఫుమికో కథ. స్క్రీన్‌ప్లే రాసిందీ స్త్రీయే, తనాకా సుమియె (చుట్టం కాదు, ఇంటిపేరు ఒకటే). ఆపరేషన్ తర్వాత కథానాయిక స్నేహితురాలి ఇంట్లో స్నానం చేస్తూ, కోసేసిన ఛాతీని ఆమెకు కావాలనే చూపిస్తుంది. జాలి కోసం కాదు. చచ్చిపోబోయే మనిషికి కోరిక ఉండకూడదా అన్న మొండితనం అది. మిజోగుచి ఆడవాళ్లు బాధపడుతుంటే మనం కంటతడి పెట్టుకుంటాం. ఈమెను చూస్తే కాస్త భయమేస్తుంది.

రీలుపెట్టె:
అది నేను చూడలేదు. చూసి వచ్చి మాట్లాడతాను. ఈలోగా మీరు, ఆ బెర్లిన్ బహుమతి తెచ్చిన ‘సందకాన్ 8’ చివర్లో ఆమెను మరోసారి చూడండి. చిన్నప్పుడే బోర్నియోకు అమ్ముడుపోయి, ఇప్పుడు ఒంటరిగా బతుకుతున్న ఒసాకి ముసలమ్మ. ఇన్నాళ్లూ తన పూరింట్లో ఉన్న అమ్మాయి వెళ్లిపోతూ డబ్బు ఇవ్వబోతే వద్దంటుంది. నువ్వు వాడిన తువ్వాలు ఇస్తావా అంటుంది. అది పట్టుకుని ఏడ్చే ఏడుపు ఉంది చూశారూ, అక్కడ దర్శకుడు ఎవరన్నది నాకైతే గుర్తుకు రాలేదు.

వేపపుల్ల:
కుమాయి కెయ్. పాపం, ఆయన్నీ మరిచిపోకండి.