రాజ్‌దూత్ 350: కార్బ్‌లు రెండూ విప్పి బిగించాక ఎడమ సిలిండర్ లీన్, రేస్ దిగట్లేదు

గోదారి_ఎల్‌టీ

బండి రాజ్‌దూత్ 350 ఎల్‌టీ (లో టార్క్ మోడల్). సైలెన్సర్లు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా కంపెనీవే. చాలాకాలం మూలనపడి ఉంది. కార్బ్‌లు (కార్బురేటర్లు) రెండూ విప్పి, క్లీనర్‌తో కడిగి, బజార్‌లో దొరికే రిపేర్ కిట్ (నీడిల్, సీట్, జెట్లు, గాస్కెట్లు) వేసి బిగించాం. ఇప్పుడు పరిస్థితి ఇది:

చోక్‌తో రెండు కిక్కులకే స్టార్ట్ అవుతుంది. వేడెక్కాక చోక్ తీసేస్తే ఐడ్లింగ్ నిలవదు. చోక్ సగం లాగి ఉంచితే బాగానే నడుస్తుంది. రేస్ ఇచ్చి వదిలితే వెంటనే దిగదు, 2500 ఆర్‌పీఎం దగ్గర కాసేపు వేలాడి తర్వాత పడుతుంది. ఎడమ ప్లగ్ తెల్లగా, కుడి ప్లగ్ కాఫీ రంగులో ఉన్నాయి. ప్లగ్‌లు బీ8హెచ్‌ఎస్. ఎయిర్ స్క్రూలు రెండూ ఒకటిన్నర చుట్టు తెరిచి ఉన్నాయి. ఎడమది పూర్తిగా మూసినా పెద్ద తేడా లేదు.

ఇది కార్బ్ సమస్యా, క్రాంక్ సీలా (క్రాంక్ చివర గాలి ఆపే రబ్బరు వలయం)? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

రెడ్‌లైన్_సికింద్రాబాద్

మెయిన్ జెట్ రెండు సైజులు పెంచెయ్ బ్రో. ఇప్పుడొచ్చే పెట్రోల్‌కి పాత జెట్లన్నీ లీనే (పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ).

పాయింట్‌గ్యాప్

మెయిన్ జెట్‌కీ ఐడ్లింగ్‌కీ సంబంధమే లేదు. మికునీ వీఎం కార్బ్‌లో థ్రాటిల్ మూసి ఉన్నప్పటి నుంచి దాదాపు పావు తెరిచేదాకా పైలట్ జెట్ (ఐడ్లింగ్‌కి పెట్రోల్ ఇచ్చే చిన్న జెట్), ఎయిర్ స్క్రూ. దాని మీదుగా సగం లోపు స్లైడ్ (గ్రిప్ తిప్పితే పైకి లేచే ముక్క) కటవే, అంటే దాని కింది అంచు కోత, ప్రభావం. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, నీడిల్ జెట్. ఆ పైన మాత్రమే మెయిన్ జెట్. ఈయన బాధంతా మొదటి పావులో ఉంది. మెయిన్ పెంచితే ఐడ్లింగ్ అలాగే ఉంటుంది, పైన పికప్ మాత్రం మొద్దుబారుతుంది.

గోదారి గారూ, చోక్ సగం లాగితే బాగుపడుతోందంటే లీన్ అన్నది ఖాయం. ఎందుకు లీన్ అన్నదే తేలాలి. పెట్రోల్ తక్కువ వస్తోందా, దొంగ గాలి వస్తోందా? జెట్లు ముట్టుకోకముందే ఇది తేల్చండి.

మొదట గాలి. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా కార్బ్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉన్న రబ్బరు మానిఫోల్డ్ చుట్టూ, రీడ్ బ్లాక్ గాస్కెట్ దగ్గర, రెండు పక్కలనూ కలిపే సన్న గొట్టాల మీద డబ్ల్యూడీ-40 కొద్దికొద్దిగా కొట్టండి. రేస్ మారిందంటే లీక్ అక్కడే. వేడి సైలెన్సర్ మీద పడనివ్వకండి, పక్కన తడి గోనెసంచి ఉంచుకోండి. పాత మానిఫోల్డ్ పైకి బాగానే కనిపిస్తుంది. విప్పి చేత్తో వంచితే అంచు దగ్గర, ఇనుము రబ్బరు అతుక్కున్న చోట, పగుళ్లు నోరు తెరుస్తాయి.

అక్కడ దొరక్కపోతే ఎడమ మూత తీసి ఆల్టర్నేటర్ వెనక సీల్ వైపు కొట్టి చూడండి. ఈ బండికి కుడి సీల్ పోతే గేర్ ఆయిల్ లాగి తెల్లపొగ కక్కుతుంది. ఎడమ సీల్ పోతే పొగ ఉండదు, ఉత్త గాలి లాగుతుంది. మీరు చెప్పిన లక్షణాలు రెండో దానికి సరిపోతాయి, అందుకే ముందు అది తప్పిద్దాం. స్ప్రేతో తేలకపోతే ప్రెషర్ టెస్ట్: రెండు పక్కల ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ మూసేసి, 6 పీఎస్ఐ గాలి ఎక్కించండి. నిమిషానికి 1 పీఎస్ఐ కంటే ఎక్కువ పడిపోతే ఎక్కడో కారుతోంది. సబ్బు నీళ్లు రాస్తే బుడగ చూపిస్తుంది. సైకిల్ పంపుతో ఇష్టమొచ్చినట్టు కొట్టొద్దు, బాగున్న సీల్ కూడా బయటికి తోసుకొస్తుంది.

గాలి లేదని తేలితే పైలట్. ఎడమ, కుడి పైలట్ జెట్లు అటూ ఇటూ మార్చి చూడండి. తెల్ల ప్లగ్ కుడికి వెళ్తే జెట్‌దే తప్పు. ఎడమలోనే ఉంటే ఆ కార్బ్ బాడీలో దారి మూసుకుంది. ఎయిర్ స్క్రూ పూర్తిగా మూసినా తేడా లేదన్నారు కదా, అది కూడా నాకు ఇటే వేలు చూపిస్తోంది.

స్టార్టర్‌ప్లంజర్_బెజవాడ

పైన చెప్పినదానికి కలుపుతున్నా. క్లీనర్‌తో కడిగితే పైలట్ దారి శుభ్రమైనట్టు కాదు. కార్బ్ గొంతులో, స్లైడ్ కింద ఇంజిన్ వైపు, సూదిమొన అంత బెజ్జాలు కనిపిస్తాయి. ఒకటి పైలట్ అవుట్‌లెట్, దాని పక్కది బైపాస్. పైలట్ జెట్, ఎయిర్ స్క్రూ, దాని స్ప్రింగ్ తీసేసి, ఎయిర్ స్క్రూ రంధ్రంలోంచి క్లీనర్ కొట్టండి. జెట్ ఉండే గుంతను వేలితో మూస్తే సన్నటి ధార ఆ బెజ్జాలన్నిటిలోంచీ విడివిడిగా చిమ్మాలి. ఒక్కటి చిమ్మకపోయినా పని అవ్వనట్టే. క్లీనర్‌లో రాత్రంతా నానబెట్టి (రబ్బర్లు, ఫ్లోట్ తీసేసి) కంప్రెసర్ గాలి రెండు వైపుల నుంచీ కొట్టండి. కళ్లద్దాలు పెట్టుకోండి, ధార ఎదురు కొడుతుంది.

జెట్‌లో స్టీల్ తీగ దూర్చొద్దు. ఇత్తడి మెత్తన, బెజ్జం పెద్దదై జెట్ నంబర్‌కు అర్థమే ఉండదు. సన్న వైరులోంచి ఒక్క రాగి పోగు లాగి వాడుకోండి. పైలట్‌కి పక్కన ఉండే అడ్డ బెజ్జాలు కూడా చూడాలి, చాలామంది నిలువు బెజ్జం చూసి సరిపెట్టుకుంటారు.

ఇంకో మాట, కిట్ జెట్ల గురించి. బజార్ కిట్‌లో రెండు జెట్ల మీద ఒకే నంబర్ ఉన్నా బెజ్జం ఒకేలా ఉంటుందని నమ్మకం లేదు. అసలు మికునీ జెట్ మీద చదరంలో చదరం గుర్తు ఉంటుంది. మీ పాతవి పారేయకపోతే వాటినే శుభ్రం చేసి వెయ్యండి. కిట్‌లోంచి గాస్కెట్లు, ఓరింగులు తీసుకుంటే చాలు. కీహిన్ జెట్ నంబర్లు మికునీతో పోల్చకండి, రెండింటి లెక్కా వేరు. హెచ్‌టీ (హై టార్క్ మోడల్) జెట్ల సైజులు చూసి ఎల్‌టీకి వెయ్యడం కూడా కుదరదు. హెచ్‌టీ 30.5, ఎల్‌టీ 27 హార్స్‌పవర్. సైలెన్సరే వేరు.

ఫ్లోట్లు కూడా పోల్చండి. కార్బ్ తలకిందులు చేసి, ఫ్లోట్ నాలుక నీడిల్ మీది స్ప్రింగ్ పిన్నును ఆనీ ఆనకుండా ఉన్నప్పుడు గాస్కెట్ తీసిన అంచు నుంచి కొలవండి. ఎడమకీ కుడికీ అర మిల్లీమీటర్ మించి తేడా ఉండొద్దు. వంచితే నాలుకనే వంచాలి, ఫ్లోట్ చేతిని కాదు. చెవి దగ్గర ఊపితే లోపల చప్పుడైతే ఫ్లోట్‌లో పెట్రోల్ దూరినట్టే.

గోదారి_ఎల్‌టీ

పైలట్ జెట్లు మార్చినా ఎడమ ప్లగ్ అలాగే తెల్లగా ఉంది. మానిఫోల్డ్, ఎడమ సీల్ దగ్గర స్ప్రే కొడితే తేడా లేదు. విజయవాడ అన్న చెప్పినట్టు చూస్తే బైపాస్ చిమ్మట్లేదు. నానబెట్టి గాలి కొట్టాక ఆకుపచ్చ పొడి రాలింది, ఇప్పుడు రెండూ చిమ్ముతున్నాయి. పాత జెట్లే వేశాను. బిగించాక రెండు కార్బ్‌లనూ సమానం చేసే పద్ధతి ఎవరైనా వరుసగా చెప్పండి.

పాయింట్‌గ్యాప్

ఆ ఆకుపచ్చ పొడే అసలు దొంగ, పెట్రోల్ ఎండి ఇత్తడిని తిన్న ఆనవాలు.

సింక్ (రెండు కార్బ్‌లూ సమానం చేయడం) కంటే ముందు టైమింగ్ (ప్లగ్ నిప్పు పడే సమయం). పాయింట్ల గ్యాప్ 0.30 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య, రెండు సిలిండర్లకూ విడివిడిగా డయల్ గేజ్‌తో టైమింగ్. అది ఒకపక్క తేడా ఉంటే కార్బ్ ఎంత తిప్పినా కుదరదు.

తర్వాత ఇలా. ఎయిర్ స్క్రూలు మెల్లగా, ఆనేదాకా మాత్రమే మూసి, ఒక్కోటి ఒకటిన్నర చుట్టు వెనక్కి. గట్టిగా బిగిస్తే మొన పడే చోటు చీలుతుంది, ఆ బాడీ ఇక అంతే. ఐడ్లింగ్ స్క్రూలు (స్లైడ్‌ను ఎత్తేవి, పెద్దవి) పూర్తిగా వెనక్కి తిప్పి స్లైడ్లు అడుగున కూర్చోనివ్వండి. కేబుల్ అడ్జస్టర్ల దగ్గర 1 మిల్లీమీటర్ లూజ్ ఉండాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి రెండు కార్బ్‌ల నోళ్లలో చెరో వేలు పెట్టి స్లైడ్ కింది అంచు ముట్టుకోండి. వేరొకరు గ్రిప్ వెంట్రుకవాసి తిప్పాలి. రెండు వేళ్లకూ ఒకేసారి కదలిక తగలాలి. గ్రిప్ వదిలినప్పుడు స్లైడ్లు టక్, టక్‌మని రెండుసార్లు కొడితే ఇంకా తేడా ఉన్నట్టు, ఒక్క టక్ వినిపిస్తే కుదిరినట్టు. చెవి ఇక్కడ కంటికంటే నయం. ఫుల్ థ్రాటిల్‌లో రెండు స్లైడ్లూ గొంతు దాటి పైకి పోతున్నాయో చూడండి.

ఇప్పుడు ఐడ్లింగ్ స్క్రూలు స్లైడ్‌ను ఆనాక రెండూ సమానంగా లోపలికి. స్టార్ట్ చేసి బాగా వేడెక్కనివ్వండి. ఒక ప్లగ్ క్యాప్ తీసి, అందులో వేరే ప్లగ్ గుచ్చి ఇంజిన్‌కి ఎర్త్ ఆనించండి. ఊరికే గాలిలో వదిలేస్తే కాయిల్ పోతుంది. ఒక్క సిలిండర్ మీద ఆగీ ఆగనట్టు నడిచేలా దాని ఐడ్లింగ్ స్క్రూ పెట్టి, ఎయిర్ స్క్రూ పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పి ఎక్కడ రేస్ ఎక్కువ వస్తుందో అక్కడ ఆపండి. రెండోదానికీ అంతే. ఎక్కువసేపు ఒంటి సిలిండర్‌తో నడపకండి, ఆగిన పక్కన ఆయిల్, పెట్రోల్ పేరుకుంటాయి. తర్వాత రెండూ కలిపి ఐడ్లింగ్ స్క్రూలు సమానంగా తగ్గిస్తూ 1200 దగ్గరికి తెండి. చివరికి హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. రేస్ పెరిగితే కేబుల్ ఎక్కడో బిగుసుకుంటోంది.

ఇక అందరూ మరిచిపోయేది: ఇదే గ్రిప్ ఆయిల్ పంపును కూడా లాగుతుంది. కార్బ్ కేబుల్ ముట్టుకున్నాక పంపు కప్పీ మీది గీత మాన్యువల్ చెప్పిన చోట పిన్నుకు ఎదురుగా వస్తోందో లేదో తప్పనిసరిగా చూడాలి. వెనకబడితే థ్రాటిల్ తెరిచినా ఆయిల్ తగినంత రాదు. పిస్టన్ సీజ్ అయ్యాక (బిగుసుకుపోయాక) కార్బ్‌ను తిట్టుకుని లాభం లేదు. పంపు విప్పి ఉంటే గాలి తీసేదాకా ట్యాంకులో కొంచెం 2టీ ఆయిల్ కలిపి నడపండి.

రెడ్‌లైన్_సికింద్రాబాద్

ఐడ్లింగ్ సంగతి ఒప్పుకుంటా. కానీ ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) మాట పక్కన పెట్టలేం కదా?

స్టార్టర్‌ప్లంజర్_బెజవాడ

పెట్టలేం. ఉత్త పెట్రోల్ ఒక వంతుకి గాలి 14.7 వంతులు (బరువులో) సరిపోతే, ఈ20కి 13.5 చుట్టుపక్కల చాలు. అంటే అదే జెట్‌తో బండి కొంచెం లీన్ అవుతుంది. 2-స్ట్రోక్ బండికి లీన్ అంటే వేడి. కానీ ఇదంతా కుదిరాక, ఆఖర్న చూడాల్సింది. ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, కీ ఆపి, క్లచ్ పట్టి, ప్లగ్ తీసి చూడండి. కొనమీది రంగు కాదు, పింగాణీ లోపల అడుగున కనిపించే ఉంగరం చూడాలి. అది కనిపించకపోతే లేదా తెల్లగా ఉంటే మెయిన్ ఒక్క సైజు పెంచండి, రెండు పక్కలా ఒకేసారి. మధ్య థ్రాటిల్‌లో తడబడితే నీడిల్ క్లిప్ ఒక గాడి కిందికి వెయ్యండి, నీడిల్ పైకి లేచి రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అవుతుంది.

బండి వారం పైన నిలబెట్టాలంటే ట్యాప్ మూసి, కార్బ్‌లలో పెట్రోల్ అయిపోయేదాకా నడిపి ఆపండి. ఒకసారి విప్పిన బౌల్ గాస్కెట్ ఈ20కి ఉబ్బి మళ్లీ గాడిలో కూర్చోదు. ఎండలో ఓ పూట ఆరబెడితే కొన్ని వెనక్కి తగ్గుతాయి, తగ్గకపోతే కొత్తది.